పుండులో పురుగు ఎక్కడినుండి వచ్చును?

తెలుగు పల్లెలలో వినవచ్చు శాపములలో “పురుగులు పడి పోతావు” అనునది మిక్కిలి క్రూరమైనది. అందులో రెండు భావములు ఇమిడియున్నవి. బ్రదికియుండగనే శరీరమును పురుగులు తినుటకంటె హీనమైన గతి మనుష్యునకు లేదనునది మొదటిది. అట్టి గతి పాపము చేసినవారికే పట్టుననునది రెండవది. మొదటి భావము భయమువలన పుట్టినది. అందు వింత లేదు. రెండవ భావము మాత్రము రోగులకు గొప్ప కీడు చేసినది. పుండులో పురుగు కనబడగనే రోగి సిగ్గుపడి దానిని గుడ్డచాటున దాచును. ఇంటివారు ఏవగించుకొని దూరముగ జరుగుదురు. వైద్యుని కడకు పోవలసిన మొదటి రెండు మూడు దినములు ఈ సిగ్గుతోడను, ఈ ఏవగింపుతోడను గడచిపోవును. పురుగు పెరుగునది ఆ దినములలోనే.

వైద్యశాస్త్రమున ఈ వ్యాధికి ‘మయాసిస్’ అని పేరు. గ్రీకు భాషయందు ఈగకు గల పేరునుండి ఈ మాట పుట్టినది. రోగమునకు ఈగ పేరు పెట్టుటలోనే దాని కారణమును, దాని నివారణమును కూడ చెప్పినట్లయినది. పుండు తనంత తాను పురుగును కనదు. ఈగ వచ్చి గ్రుడ్లనో, పిల్లపురుగులనో విడిచిననే గాని ఏ గాయమందును పురుగు ఉండదు. ఈ ఒక్క సంగతి గ్రహించినవారికి మిగిలిన వైద్యమంతయు సులభముగ బోధపడును.

సుశ్రుతుడు చూచినది

ఈ సంగతి మన దేశమునకు క్రొత్తది కాదు. ప్రాచీనులు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెగలుగ విభజించిరి. పురుగులు చెమటనుండియు, వేడిమి కలిసిన తడినుండియు పుట్టునని తలచి వానిని స్వేదజములలో చేర్చిరి. సుశ్రుతసంహితలోని సూత్రస్థానము కూడ ఈ విభాగమునే అంగీకరించుచున్నది. కాని అదే గ్రంథము చికిత్సాస్థానమునకు వచ్చి, వ్రణములను గూర్చి చెప్పుచు, ఈగలు పుండుపై వ్రాలి పురుగులను విడుచుననియు, ఆ పురుగులు తినుటచే దారుణమైన వాపు కలుగుననియు స్పష్టముగ తెలుపుచున్నది. సిద్ధాంతము చెప్పునప్పుడు లోకము నమ్మినదే వ్రాసినను, రోగి ప్రక్కన కూర్చుండినప్పుడు ఆ వైద్యుడు తన కన్నులు చూచినదానినే వ్రాసెను.

ఆ గ్రంథము చెప్పిన చికిత్సయు గమనింపదగినది. తులసి మొదలగు మూలికలు కాచిన నీటితో పుండును కడుగవలెను. ఏడాకులపొన్న, కానుగ, జిల్లేడు, వేప మొదలగువాని పట్టలను గోమూత్రముతో నూరి పూయవలెను. ఇంకొక ఉపాయము ఆశ్చర్యకరమైనది: మాంసపు ముక్కను పుండుపై కప్పి, దానితో పురుగులను వెలికి తీయవలెను. అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములలో బాట్ ఈగ అనునది కలదు. దాని పురుగు మనుష్యుని చర్మము క్రింద గూడు కట్టుకొని పెరుగును. దానిని వెలికి రప్పించుటకు 20వ శతాబ్దపు వైద్యులును పంది కొవ్వు ముక్కను పైన కప్పి సఫలులైరి. రెండు చోట్లను పురుగు స్వభావమును కనిపెట్టి చూచినవారే ఈ ఉపాయమును కనుగొనిరి.

రెడి సీసాలు

ఐరోపాలో మాత్రము కుళ్లిన మాంసమునుండి పురుగు దానంతట అదే జనించునను నమ్మకము 17వ శతాబ్దము వరకును బలముగ నిలిచియుండెను. అరిస్టాటిల్ వంటి మహావిద్వాంసుని మాట దానికి అండగ నుండెను. దానిని పరీక్షకు పెట్టినవాడు ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి. అతడు కొన్ని పాత్రలలో మాంసమును ఉంచి వాని మూతులు తెరచి పెట్టెను. మరికొన్నిటి మూతులు మూసివేసెను. తెరచిన పాత్రలలో ఈగలు దూరినవి, పురుగులు పుట్టినవి. మూసిన పాత్రలలో మాంసము కుళ్లినదే గాని పురుగు లేదు. గాలి తగలకుండుటచేతనే పురుగు పుట్టలేదని ప్రతిపక్షులు వాదింపవచ్చునని ఎరిగి, అతడు ఇంకొక వరుస పాత్రలకు పలుచని వల గుడ్డ కట్టెను. గాలి లోనికి పోయెను, ఈగ పోలేదు. మాంసమున పురుగు పుట్టలేదు. ఈ పరీక్షలను అతడు 1668లో ప్రకటించెను. సైన్సు చరిత్రలో ఇంత స్వల్పమైన సామగ్రితో ఇంత పెద్ద నమ్మకమును కూలద్రోసిన పరీక్షలు అరుదు. వైద్యునకు ఇందులోని నీతి మరింత స్వల్పమైనది: ఒక వల గుడ్డ ఈగను ఆపినచో, ఒక శుభ్రమైన కట్టు పుండును కాపాడగలదు.

మన దేశపు ఈగ

ఈగలన్నియు ఒక తీరువి కావు. పచ్చగను నీలముగను మెరయు ఈగలలో పెక్కు జాతులు చచ్చిన జంతువులపై గ్రుడ్లు పెట్టి, ఎప్పుడైన వాసన కొట్టు పుండు దొరికినచో అందును పెట్టును. క్రిసోమియా బెజియానా అను జాతి అట్టిది కాదు. దాని పురుగులకు బ్రదికియున్న ప్రాణి కండయే ఆహారము. ఈ ఈగను 1914లో విల్నువ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరు పెట్టెను. భారతదేశమున మనుష్యుల పుండ్లలోను, పశువుల పుండ్లలోను కనబడు పురుగులకు ఇది ముఖ్య కారణమని చూపినవాడు డబ్ల్యు. యస్. పాటన్. ఆయన మద్రాసు చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పని చేసినవాడు. క్రాగ్‌తో కలిసి వైద్యకీటకశాస్త్రముపై వ్రాసిన పెద్ద గ్రంథము 1913లో మద్రాసునుండియే వెలువడెను. ఈ ఈగను గూర్చి ఆయన వ్యాసము 1920లో వచ్చినది. ఆనాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే గనుక, ఆ పరిశోధన తెలుగు పల్లెల పశువులకును, మనుష్యులకును కూడ సంబంధించినది.

ఈ ఆడ ఈగ పుండు అంచున నూటికి మించిన గ్రుడ్లను ఒక్క గుంపుగ పెట్టును. ఒక దినము గడచులోపలనే అవి పగిలి డింభకములు వెలువడును. అవి తలలు లోపలికి, తోకలు వెలుపలికి ఉండునట్లు కండలోనికి తొలుచుకొని పోవును. నోటియందు రెండు కొక్కెములు. దేహము చుట్టును ముండ్ల వలయములు. ఈ వలయములచే మరమేకు వలె కనబడుటచేతనే ఆంగ్లములో దీనికి ‘స్క్రూ వర్మ్’ అను పేరు వచ్చినది. అయిదారు దినములు తిని బలిసిన పిమ్మట పురుగు తానే పుండునుండి జారి నేలబడి, మట్టిలో దూరి ప్యూపాగ మారును. వేడి దినములలో ఇంచుమించు వారములో అందుండి క్రొత్త ఈగ ఎగిరిపోవును.

పురుగు గాలి పీల్చుట

వైద్యమునకు కీలకమైన విషయము డింభకము శ్వాసక్రియలో నున్నది. దానికి ముక్కు లేదు. గాలిని పీల్చు ముఖ్య రంధ్రములు తోక చివర నుండును. తల కండలో దూర్చి తోకను వెలుపల నుంచుటకు కారణమిదే. ఆ రంధ్రములు మూసికొని పోయినచో పురుగు ఊపిరాడక పట్టు సడలించి పైకి వచ్చును.

తెలియనివారు పురుగును చూచినంతనే పట్టి లాగుదురు. కొక్కెములును, ముండ్లును కండను పట్టియుండుటచే అది తెగిపోవును. లోపల మిగిలిన ముక్క వాపునకును, చీమునకును కారణమగును. అందుచే వైద్యుడు మొదట పుండును వేసలీన్‌తోగాని, లిక్విడ్ పారఫిన్‌తోగాని కప్పి కొంతసేపు వేచియుండును. మన ఆసుపత్రులలో చిరకాలముగ టర్పెంటైను నూనెలో తడిపిన గుడ్డను వాడుచున్నారు. దాని ఘాటునకు పురుగులు తొందరగ వెలికి వచ్చును. అయితే అది సజీవమైన కండను కూడ మండించును గనుక దానిని తగుమాత్రముగ వాడుట వైద్యుని పని. పురుగులు పైకి రాగానే చిమటాతో ఒక్కొక్కటిగ తీసివేసి, పుండును ఉప్పునీటి ద్రావణముతో కడిగి, చచ్చిన కండను కత్తిరించి, కట్టు కట్టుదురు.

ఒక్కసారితో పని ముగిసినదని భావింపరాదు. చిన్న పురుగులు లోతున దాగియుండి మరునాడు కనబడును. అందుచే రెండు మూడు దినములు వరుసగ కట్టు విప్పి వెదకి చూడవలెను. పుండు లోతైనప్పుడు, ముక్కులోగాని, చెవిలోగాని పురుగులు చేరినప్పుడు, చేతితో తీయుట చాలదు. అట్టివారికి అయివర్‌మెక్టిన్ అను మందును లోపలికి ఇచ్చుట ఇప్పుడు వాడుకలో నున్నది. జపాను దేశపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవినుండి ఈ మందునకు మూలమైన పదార్థము లభించినది. దానిని కనుగొన్న సతోషి ఓమురాకును, విలియం క్యాంబెల్‌కును 2015లో నోబెల్ బహుమానము వచ్చెను. రోగి వయస్సు, బరువు, గర్భము మొదలగునవి చూచి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలెను. వీనితోపాటు ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయించుట మరువరాదు. సూక్ష్మజీవులు కూడ చేరినచో దానికి వేరుగ మందు ఈయవలెను.

పల్లెటూరి మందులు

పశువుల పుండ్లకు రైతులు సీతాఫలపు ఆకు నూరి పెట్టుట తెలుగు పల్లెలలో ఎరిగినదే. ఆ చెట్టు ఆకులలోను, గింజలలోను పురుగులను చంపు గుణము నిజముగ కలదు. కాని ఆ గింజల పొడి కంటబడినచో కంటిపాప పై పొర పుండుపడును. పేల కోసము దానిని తలకు పట్టించుకొని కన్నులు చెడగొట్టుకొన్నవారు కలరు. కిరసనాయిలు, ఫినాయిలు పోయుట ఇంకొక అలవాటు. వానివలన పురుగు చచ్చినను, మానవలసిన కండయు దానితో కాలిపోవును. పైరులపై చల్లు పురుగుమందును పుండులో పోయుట వీనన్నిటిలో ప్రమాదకరము. అది రక్తములో కలిసి ప్రాణము తీయగలదు.

పశువునకు కాడి ఒరసిన మెడ, విరిగిన కొమ్ము, గాలికుంటు వచ్చిన గిట్టలు, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు, ఇవి ఈగ వెదకు తావులు. అచ్చట గాయమైన దినముననే మందు వ్రాసి ఈగ వ్రాలకుండ చూచుట సులభము. పురుగు పడిన పిమ్మట బాగుచేయుట కష్టము. మరియొక జాగ్రత్త చాలమందికి తెలియదు. తీసిన పురుగులను నేలపై పారవేసినచో బలిసినవి మట్టిలో దూరి, కొలది దినములలో ఈగలై తిరిగి అదే పశువుల మందకు వచ్చును. వానిని సలసల కాగు నీటిలో వేసి చంపవలెను.

ఈగ ఎవరిని వెదకును?

ఆరోగ్యవంతుడు చేతిపై ఈగ వ్రాలగనే తోలును. తోలలేనివానినే ఈగ గెలుచును. పక్షవాతముచే మంచము పట్టిన వృద్ధునకు ఒరపిడి పుండ్లు పడును. ఈగను తోలుటకు చేయి లేవదు. మధుమేహము ముదిరినవాని పాదము మొద్దుబారును. మడమ పగిలి పుండైనను నొప్పి తెలియదు. కుష్ఠువ్యాధిచే స్పర్శ పోయినవాని సంగతియు అంతే. పీనసరోగికి ముక్కునుండి వాసన వచ్చును గాని ఆ వాసన అతనికే తెలియదు, ఈగకు తెలియును. మతి చెదరి వీధులలో తిరుగువానిని చూచుకొనువారే లేరు. వీరిలో ఎవ్వరును పాపము చేసినందున ఈ గతి పొందినవారు కారు. నొప్పి తెలియకపోవుట, చేయి కదలకపోవుట, ప్రక్కన మనిషి లేకపోవుట, ఈ మూడే కారణములు. కావున పురుగులు తీయుటతో వైద్యము పూర్తి కాదు. ఆ పుండు ఏల పడినది, ఏల మానలేదు, దానిని ఎవ్వరును ఏల చూడలేదు అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకవలెను. రక్తములో చక్కెర పరీక్ష చేయింపని చోట నేడు తీసిన పురుగు వచ్చే నెల మరల పడును.

మేలు చేసిన పురుగు

వార్తాపత్రికలలో అప్పుడప్పుడు పురుగులతో పుండ్లను మాన్పు వైద్యమును గూర్చి చదివినవారు, పురుగును తీయనేల అని అడుగవచ్చును. ఆ వైద్యము నిజమే. నెపోలియన్ సేనలోని శస్త్రవైద్యుడు లారే, తూర్పు దేశముల దండయాత్రయందు, కొన్ని ఈగల పురుగులు చచ్చిన కండను మాత్రమే తిని పుండు మానుటకు తోడ్పడుట గమనించెను. 1917లో, మొదటి ప్రపంచయుద్ధమున, తొడయెముకలు విరిగి, పొట్టపై గాయములతో ఏడు దినములు రణభూమిలో పడియుండిన ఇద్దరు సైనికులను అమెరికను వైద్యుడు విలియం బేర్ చూచెను. వారి గాయములనిండ పురుగులున్నవి. అయినను జ్వరము లేదు. పురుగులను కడిగి చూడగ క్రింద క్రొత్త కండ ఎఱ్ఱగ పెరుగుచుండెను. పిమ్మట బాల్టిమోరు నగరమున ఎముకలు కుళ్లు రోగముతో బాధపడు పిల్లలకు ఆయన ఈ వైద్యమును చేసెను. కొందరికి ధనుర్వాతము వచ్చుటతో, గ్రుడ్లను శుద్ధిచేసి, సూక్ష్మజీవులు లేని పురుగులను పెంచు పద్ధతిని అలవరచెను. ఆయన నివేదిక 1931లో వెలువడెను. పెన్సిలిన్ వచ్చిన పిమ్మట ఈ వైద్యము వెనుకబడినది. 2004లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ దానిని అనుమతించెను.

అచ్చట వాడునది లూసిలియా సెరికేటా అను జాతి. దాని శుద్ధిచేసిన పురుగులను లెక్కించి పెట్టి, రెండు మూడు దినములలో లెక్కించి తీసివేయుదురు. మన దేశపు క్రిసోమియా బెజియానా పురుగు సజీవమైన కండనే తినును. కన్నులతో చూచి ఏది ఏ జాతియో చెప్పుట సామాన్యులకు సాధ్యము కాదు. వైద్యుడు పెట్టిన పురుగు మందు. ఈగ పెట్టినది రోగము.

ఈగనే ఆపిన కథ

పుండునకు కాక ఈగకే వైద్యము చేసిన చరిత్ర ఒకటి కలదు. అమెరికా ఖండములలో ఇట్టిదే ఇంకొక జాతి ఈగ పశువులను లక్షలకొలది పీడించెడిది. దాని ఆడ ఈగ జీవితమున ఒక్కసారి మాత్రమే మగ ఈగతో కూడునని నిప్లింగ్, బుష్‌లాండ్ అను శాస్త్రజ్ఞులు గమనించిరి. మగ ఈగలను రేడియోధార్మిక కిరణములచే గొడ్డువానిగ చేసి విడిచినచో, వానితో కూడిన ఆడ ఈగల గ్రుడ్లు పొదగవని ఊహించిరి. 1954లో కురసావో దీవిలో ఈ ఊహను ప్రయోగించగ కొన్ని నెలలలోనే ఆ ఈగ అచ్చట నశించెను. క్రమముగ అమెరికా సంయుక్త రాష్ట్రములు, మెక్సికో, మధ్య అమెరికా దేశములును విముక్తి పొందినవి. 1988లో ఆ ఈగ ఆఫ్రికాలోని లిబియాకు చేరగా, మెక్సికోనుండి గొడ్డు ఈగలను విమానములలో తెచ్చి విడిచి, 1992 నాటికి దానిని తుదముట్టించిరి. అయినను ఏమరుపాటు కూడదు: 2023లో పనామాలో మరల విజృంభించిన ఆ ఈగ ఉత్తరమునకు వ్యాపించి 2024 నవంబరులో మెక్సికోలో కనబడెను. మన దేశపు జాతిపై అంత పెద్ద ప్రయత్నము జరుగలేదు. ఇచ్చట పుండును కప్పుటయే ఇంకను ముఖ్యమైన కోట.

బడిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయగలిగినది చాల కలదు. తలలో పేలు పడి, గోకి గోకి కురుపులైన పిల్లలు ప్రతి బడిలోను కొందరుందురు. ఆ కురుపులపై జుట్టు అట్టకట్టి ఈగకు చాటు కల్పించును. తల చుట్టును ఈగలు ముసరుట, వాసన వచ్చుట, లోపల ఏదో కదలినట్లున్నదని పిల్లవాడు చెప్పుట, పుండునుండి నెత్తురు కలిసిన నీరు కారుట, ఇవి మొదటి గురుతులు. అట్టి బిడ్డను తరగతి ముందు నిలువబెట్టి అడుగరాదు. ప్రక్కకు పిలిచి, శుభ్రమైన గుడ్డ కప్పి, తల్లిదండ్రులకు చెప్పి, ఆ దినముననే ప్రభుత్వాసుపత్రికి పంపవలెను. తోటిపిల్లలు నవ్వినచో, ఇది అంటురోగము కాదనియు, ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండిన యెడల పురుగు రాదనియు, ఈగ వ్రాలిననే వచ్చుననియు చెప్పవలెను.

రెడి పరీక్షను బడి ఆవరణలోనే చేసి చూపవచ్చును. రెండు సీసాలు, కొంచెము చేప ముక్క, ఒక పలుచని దోమతెర గుడ్డ చాలును. పిల్లల చేతికి అందని చోట, నీడలో, నాలుగైదు దినములుంచి చూడనిచ్చి, పిమ్మట రెండింటిని వేడినీరు పోసి పూడ్చివేయవలెను. తెరచిన సీసాలో పురుగును, కట్టిన సీసాలో పురుగు లేమిని కన్నులార చూచిన బాలుడు, ఇంటిలో మంచము పట్టిన తాత పుండుపై ఈగ వ్రాలినప్పుడు ముక్కు మూసికొని పారిపోడు. విసనకఱ్ఱ తీసికొని తోలును, తల్లిని పిలిచి కట్టు మార్పించును. ఆ తాతకు కావలసిన వైద్యములో మొదటి భాగము అదియే.